కాన్‌స్టాంటినోపుల్ కోడలు

చరిత్రలో ఎం.ఏ. చదివి నేను తమిళనాడులో, ఉడుమలైపేటలో కొబ్బరి పీచు అమ్ముతున్నాను. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఇంతవరకూ ఎవరూ నా మొహాన అనలేదు. మావాళ్ళు మర్యాదస్తులు. నా చదువు ఒక్కసారి మాత్రం పనికొచ్చింది, అదీ సగమే. అది మా మేనత్త బి.ఏ. సంగతి.

అత్త డిగ్రీలో చేరింది తోడు కోసం. ఆమె కోడలు, నాకు అక్క వరుస, ఇంట్లో ఉండి ఎం.ఏ. చదువుదామని ఫారం తేవడానికి బయల్దేరితే, ఒక్కదాన్నే పంపడమెందుకని అత్త కూడా బస్సెక్కింది. వరుసలో ఊరికే నిల్చోవడం ఆమెకు చేతకాదు. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలోనూ ఒక ఫారం ఉంది. అక్క రెండేళ్ళలో ముగించేసింది. అత్త ఒక్కో పేపరూ గట్టెక్కుతూ వచ్చి, మధ్యయుగపు నాగరికతలు, మతాలు అనే పేపరు దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు తప్పింది. గడువు ప్రకారం మూడోసారే ఆఖరు. అదీ పోతే పాసైన పేపర్లు కూడా దాని వెంటే పోతాయి.

చదవక తప్పిందనుకుంటే పొరపాటు. రెండోసారి తప్పాక జవాబు పత్రం నకలు తెప్పించి చూశాం. మొదటి రెండు పుటలూ చక్కటి తమిళం. మూడో పుటలో బాగ్దాదు వచ్చింది. బాగ్దాదంటే అత్తకు పూనకం. అక్కణ్ణుంచి అక్షరాలు తమిళమే గానీ భాష మా ఇంటి తెలుగు. అట్లా నాలుగు పుటలు. దిద్దినవారు ఓపికమంతులు. పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి, మిగతా పుటలకూ అదే వర్తిస్తుందన్నట్టు కిందిదాకా గీత లాగారు.

మా తెలుగు వందల ఏళ్ళ కిందట ఇటు నడిచొచ్చింది. మాట మాతో వచ్చింది, అక్షరం దారిలో ఎక్కడో దిగిపోయింది. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను గానీ, ఇంట్లో తక్కినవారందరూ తెలుగు రాయాలంటే బడిలో నేర్చిన తమిళ అక్షరాలతోనే రాస్తారు. అత్త నోట్సు మొత్తం అంతే.

"నాకు తెలియనే తెలియదు కణ్ణూ. తమిళంలోనే రాస్తుండానని అనుకుంటి," అంది అత్త ఆ నకలు చూసుకుని.

కనుక నా పని ఆమెకు చరిత్ర చెప్పడం కాదు. అది ఆమెకు నాకంటే బాగా వచ్చు. మూడు గంటల సేపు ఆమెను తమిళంలో నిలబెట్టడం నా పని.

ఆదివారం ఉదయాలు మా పీచు మిల్లు కళ్ళంలో కూర్చునేవాళ్ళం. పీచు ఆరబోసి ఉండేది. అక్క ఆ నోట్సు పైకి చదవాలి, అత్త దాన్ని తమిళంలో తిప్పి చెప్పాలి, తెలుగు మాట దొర్లితే నేను చెయ్యెత్తాలి. ఇదీ ఏర్పాటు. మొదటి రోజు అక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"కాన్‌స్టాంటినోపుల్ పట్నాన్ని వెయ్యేండ్లు కాపాడింది కోడలు." ఆగింది. అక్షరం దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చదివింది. "లోపల కోడలు, బయట కోడలు, ముందర నీళ్ళ అగడ్త. కడాకి పెద్ద పిరంగి తెచ్చి కోడలు పడగొట్టిరి." పుస్తకం మూసింది. "అత్తా, ఇది కాన్‌స్టాంటినోపులా, మన ఇల్లా?"

"గోడలు! పట్నం సుట్టూ కట్టిండే గోడలు!"

"రాసిండేది కోడలనేగా."

"రాసేది రెంటికీ ఒగటేలే. సదివేవాళ్ళ మనసులో ఏముండాదో అదే నోటికొస్తాది."

తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ఆ ఒక్క అక్షరం పుణ్యమా అని మూడు నెలలపాటు మా ఇళ్ళలో అక్క పేరు కాన్‌స్టాంటినోపుల్. ఆమె కూడా పేరు చెడగొట్టలేదు. ఆదివారం వస్తే చాలు, మా చుట్టాలకు పెళ్ళిపత్రికలు గుర్తొస్తాయి. పత్రిక ఇచ్చి పోయేవాడు ఒక్కడూ లేడు. కూర్చుని మిగతా పత్రికల గురించి కూడా చెప్పాలి. అక్క గేటు దగ్గరే కాఫీ చేతికిచ్చి, "అత్తకి పరీక్ష. తాగి బయల్దేరండి," అనేది. పళనిలో నలుగురి తగవులు తీర్చే పెద్దాయన ఒకడు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ గేటు నుంచే మళ్ళాడు. ఆయన దగ్గర ఫిరంగి లేకపోయింది.

కానీ అత్త తమిళం బాగ్దాదు దాకా వచ్చి అక్కడ కూలబడేది. తప్పు ఆమెది కాదు. గ్రీకుల వైద్యం, లెక్కలు, నక్షత్రాల శాస్త్రం వెతికి తెప్పించుకుని, తమ భాషలోకి దింపుకోవడానికి పండితులను పోషించిన ఊరు అది. పుస్తకం ఒకరిది, దింపినవాడు వేరే మతస్థుడు, తిండి పెట్టిన రాజు ఇంకో మతం. "శిలువోడూ నమాజోడూ ఒగే అరుగు మింద కూసోని, ఈ మాటకి ఏమి మాట పెడదామని యోసిస్తుండారంటే..." అని అత్త చెబుతుంటే నేను చెయ్యెత్తడం మరిచిపోయేవాణ్ణి. నాకూ అదే పుస్తకాలు చెప్పారు. నేను వాటిలో పరీక్ష రాశాను, ఆమె వాటిలో కాపురం చేస్తోంది.

ఉపాయం అక్కకే తట్టింది. "రోజూ పొద్దున పాలాయనతో తమిళమేగా మాట్లాడతావు? బాగ్దాదు ఆయనకి సెప్పు."

మర్నాటి నుంచి పాలాయనకు చరిత్ర మొదలైంది. మొదటి వారం డబ్బా పట్టుకుని దిక్కులు చూశాడు. రెండో వారం, మంగోలులు ఆ పుస్తకాలను నాశనం చేశారని విని, తమిళంలో గట్టిగా తిట్టాడు. మూడో వారం తానే అడిగాడట, ఆ తర్వాత ఏమైందని. ఆ వీధిలో పాలు ఆలస్యంగా వస్తున్నాయన్న ఫిర్యాదు నా చెవిన కూడా పడింది.

అంతా కుదుటపడిందనుకున్నప్పుడు నేనే పొరపాటు చేశాను. పాత కైరోలో యూదుల ప్రార్థనాలయంలో ఒక గది ఉండేదనీ, దేవుడి పేరున్న కాగితం పారెయ్యకూడదని, పాతబడిన రాతలన్నీ అందులో వేసేవారనీ చెప్పాను. ఉత్తరాలు, పెళ్ళి ఒడంబడికలు, మన పడమటి తీరంతో మిరియాల బేరం మాటలు కూడా అందులో దొరికాయి. చాలావాటిలో భాష అరబ్బీ, అక్షరాలు హీబ్రూ.

అత్త తన నోట్సు తెరిచి చూసుకుంది. "ఇంట్లో ఒగ బాస, అచ్చరం ఇంగొగటి. మన మాదిరే." ఆ తర్వాత అడిగింది, "వాళ్ళని ఎవురూ పెయిలు సేయలేదే?"

చెప్పి ఉండకూడదు. ఇక ఆమెకు రెండు బాగ్దాదులు.

పరీక్ష మదురైలో. ఆరపాళ్యం బస్టాండులో దిగి, టౌన్ బస్సులో మాట్టుతావణి చేరాం. సెంటరు ఆ పక్కనే. లోపలికి పోయేముందు అక్క అత్త కొంగు సర్ది, "బాగ్దాదు వస్తే పేనా కింద పెట్టు, ఒగ గుక్క నీళ్ళు తాగు, పాలాయన్ని తలుసుకో," అంది. మేమిద్దరం కూరగాయల మార్కెట్టులో మూడు గంటలు తిరిగాం. అవసరం లేని గుమ్మడికాయ ఒకటి కొన్నాం. దాన్ని నేను మోశాను.

అత్త బయటికొచ్చి ముందుగా నీళ్ళు అడిగింది.

"బాగ్దాదు?" అన్నాను.

"వొచ్చింది. పాలాయనకే సెప్పినా. కైరో గూడా ఆయనకే."

"ఇంకేం?"

"గోడలకి తమిళ మాట నోటికి రాలా."

"సువర్!" అంది అక్క, గుమ్మడికాయ మీద కొట్టి.

"ఇప్పుడు నాకూ వొస్తాది. అప్పుడు రాలా. గోడలనే రాసేస్తి."

"ఎన్నిసార్లు?"

"కాన్‌స్టాంటినోపుల్‌కి ఎన్ని కావల్నో అన్ని."

ఫలితాల రోజు నంబరు కొట్టింది అక్క. ఫోను అత్త చేతిలో పెట్టింది. పాస్. గొప్పగా కాదు, గడప తగిలీ తగలకుండా దాటినట్టు. అత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చూసింది.

"దిద్దినోళ్ళు మనోళ్ళే," అంది. "మదురైకాడ తిరుమంగళం పక్క మనోళ్ళు ఎంతమంది లేరు? గోడలని సదివినారు, అర్తం సేసుకున్నారు."

"లేదత్తా. కోడలనే సదివింటారు," అంది అక్క. "పావం, ఆ యమ్మ ఒగతే వెయ్యేండ్లు కాపాడిందేనని మార్కులు ఏసినారు."

అత్త ఫోను కోడలి చేతికి తిరిగిచ్చింది.

"అది గూడా తప్పు గాదులే," అంది.