గడగడా చదివే పిల్ల

మా మూడో తరగతిలో ఒక పిల్ల తెలుగు వాచకం తెరిస్తే చాలు, కుందేలు పాఠం గుక్క తిప్పుకోకుండా గడగడా చదివేసేది. ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల మధ్య ఉన్న ఆ బడికి నేను టీచరుగా బదిలీ మీద వెళ్లిన కొత్తలో ఆ చదువు విని మురిసిపోయాను. ఒకరోజు అది చదువుతుండగా పుస్తకంలో నాలుగు పేజీలు ముందుకు తిప్పాను. పిల్ల ఆగలేదు. పేజీలో రైలు బొమ్మ, నోట్లో కుందేలు!

తప్పు పిల్లది కాదు. క్లాసు లీడరు ఒక వాక్యం అరుస్తాడు, మిగతావాళ్లంతా దాన్నే అరుస్తారు. మా బళ్లో చదువంటే అదే. రోడ్డు మీద పోయేవాళ్లకు బడి భలే నడుస్తున్నట్టు వినపడుతుంది. అక్షరం మాత్రం ఒక్కరికీ అంటదు. ఏడాదికో కొత్త పుస్తకం, కొత్త ట్రైనింగు, ఫోన్లో ఎక్కించాల్సిన ఫోటోలు. "అయ్యా, వీళ్లకు గుణింతాలే రావు, ముందు అవి చెప్పనివ్వండి" అని మీటింగులో మొత్తుకున్నాను. "అందరూ పదో పాఠంలో ఉంటే మీరింకా మూడులోనే ఉన్నారేంది మేడం?" అన్నాడు పెద్దసారు. గోడకు చెప్పుకున్నా నయం.

ఇక లాభం లేదని వాచకాలు మూయించి అక్షరాలు మొదలుపెట్టాను. వల, పడవ, రొయ్య, ఉప్పు. వాళ్ల ఇళ్లలో తిరిగే మాటలే బోర్డు మీద రాసేదాన్ని. ఆ పిల్ల మొదట్లో ఏడ్చింది పాపం. అన్నాళ్లూ క్లాసులో ఫస్టు తనే కదా, ఒక్కసారిగా ఏమీ రానిదైపోయింది. దసరా సెలవులు వచ్చేసరికి వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదవసాగింది.

సెలవులయ్యాక వాళ్లమ్మ బడికొచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. తనకు చదువు లేదు, కూతురికైనా రావాలని ఆమె పంతం.

"ఏంది టీచర్ ఇది? మా ఆడబిడ్డ ముందర పుస్తకం ఇచ్చి చదవమంటే తడుముకుంటా ఉంది. పోయినేడు ఎట్టా చదివేది! మీరొచ్చినాక పిల్ల మొద్దయిపోయింది."

"అమ్మా, అప్పుడు అది చదవలేదు, అప్పజెప్పింది. చదవడం ఇప్పుడే మొదలైంది" అని బతిమాలాను. కావాలంటే చూడమని, ఎప్పుడూ చెప్పని పాఠం తీసి పిల్ల ముందు పెట్టాను. పిల్ల వేలు ఆనించింది.

"వా... న... వాన. ప... డిం... ది. వాన పడింది."

నాకు ఒళ్లు పులకరించింది. తల్లి నెత్తి కొట్టుకుంది.

"విన్నారా? రెండు ముక్కలకు ఇంతసేపా! మూడో తరగతిలో అ ఆలు దిద్దిస్తే ఇట్టా కాక ఎట్టా అవుద్ది?"

పిల్ల నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, పుస్తకం మూసేసింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది నాకు. ఆ తల్లి మీద కాదు. గడగడా అప్పజెప్తేనే చదువని ఆమెకు నేర్పింది మా బడే కదా!

తర్వాతి వారమే పిల్లను ఇంటి ముందుకు వ్యాను వచ్చే ఇంగ్లీషు బడిలో చేర్చింది. షెడ్డులో ఎక్కువ పని ఒప్పుకుని మరీ చేర్చింది.

వేసవిలో మైపాడు రోడ్డు మీద తల్లీకూతుళ్లు ఎదురయ్యారు. తల్లి మొహం వెలిగిపోతోంది. "టీచరమ్మకు చదివి చూపియ్యే" అంది. పిల్ల చేతులు కట్టుకుని ఇంగ్లీషు పాఠమొకటి ఊపిరి పీల్చుకోకుండా వల్లించింది. ఎదురుగా టీ కొట్టు మీద తెలుగు బోర్డు ఉంది. ఉండబట్టలేక, "అదేంటో చదువు తల్లీ" అన్నాను. పిల్ల వేలు లేవబోయింది. వాళ్లమ్మ వైపు చూసి మళ్లీ చేతులు కట్టుకుంది.

"ఇంకా బోర్డులేంది టీచర్! ఇప్పుడు మా పాప పుస్తకం చూడకండానే చదువుద్ది" అంది తల్లి.