అవ్వ కాలు, సముద్రం అవతలి మందు

మా అమ్మను మేం అవ్వ అంటాం. ఆమె ఎడమ కాలికి బోదకాలు. నేను కరీంనగర్‌లో ఒక ప్రయోగశాలలో ఆ జబ్బు పురుగును చంపే మొక్క కోసం వెతికేదాన్ని. ఆదిలాబాద్ అడవి మాకు పూట ప్రయాణం. అయినా మేం పరీక్షించింది మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న గుట్టల మీద ఎవరూ నాటకుండా మొలిచే పిచ్చిమొక్కలను. మా సారు స్నేహితుడెవరో అక్కడి నుంచి వాటి పొడులు పంపేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

మొక్కలు పరదేశానివైనా పురుగులు మాత్రం మన దగ్గరివే. మనిషి ఒంట్లోని పురుగు చేతికి దొరకదు. దానికి వరుసకు తమ్ముడయ్యేది బర్రె కడుపులో ఉంటుంది. నేను పొద్దున్నే కబేలాకు వెళ్లి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసిన ఫ్లాస్కులో వాటిని వేసుకొచ్చేదాన్ని. ఫ్లాస్కు మా ఇంటిదే. సంగతి తెలిశాక మా బాపు ఇక ఏ ఫ్లాస్కులోని చాయ్ కూడా ముట్టలేదు.

ఒకరోజు ఒక ఆకు రసంలో పురుగులన్నీ కదలడం మానేశాయి. పట్టలేని సంతోషంతో హుజూరాబాద్‌లోని ఇంటికి ఫోన్ చేశాను.

"పురుగులు చచ్చినయే అవ్వా!"

తర్వాత అదే రసాన్ని మనిషి రక్తకణాల మీద వేసి చూస్తే అవీ చచ్చాయి. ఆ మందుకు పక్షపాతం లేదు. పురుగునూ మనిషినీ ఒక్కతీరుగానే చూసింది. ఈ సంగతీ ఫోన్‌లో చెప్పాను. అవ్వ మొదటి ఫోనే విన్నది.

ఏటా ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు గోలీలు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. గోలీలు తెచ్చిన ఆశ వర్కర్ గడప దగ్గర ఏడుపొక్కటే తక్కువగా నిలబడింది.

"మీ అవ్వ ఏస్కుంటలేదక్కా. ఆమెను జూసి వాడకట్టోళ్లు ఎవ్వలు ఏస్కుంటలేరు."

"నా బిడ్డ మందు కనిపెట్టింది. సముద్రం అవతలి మందు," అంది అవ్వ, అరుగు మీద చేరిన ఆడవాళ్లందరికీ వినపడేలా. "గీ సర్కారు గోలీలు ఎవలికి గావాలె?"

అందరూ తలలూపారు. బోదకాలును తరమడానికి చదువుకున్న నేను మా వాడకట్టులో దానికి కాపలాదారునయ్యాను.

నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ కడుపున వేసుకోకూడదు కాబట్టి నాలుగు ముద్దలు తిని వచ్చి, అందరి ముందూ గోలీలు మింగి, నోరు తెరిచి చూపించాను.

"గట్లయితె నీ మందు మీద నీకే నమ్మకం లేదా?" అంది అవ్వ.

"గది ఇంక మందు కాలే అవ్వా. ఏస్కుంటె పురుగుకన్న ముందు మనమే పోతం."

ఆడవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"మరి గీ గోలీలతోని నా కాలు సన్నగైతదా?"

అప్పుడర్థమైంది, వాడకట్టంతా ఆమె చేసిన ప్రచారం గొప్పల కోసం కాదని. అబద్ధం చెప్పాలనిపించింది.

"కాదవ్వా. పురుగు నీ నుంచి ఇంకొకలకు పోకుండ ఆపుతది. కాలు మాత్రం గింతే. రోజు సబ్బుతోని కడిగి, తడి లేకుండ తుడుచుకోవాలె."

అవ్వ కాలువైపు చూసుకుని, చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది. గోలీల కోసం ఆశ వర్కర్ వైపు చెయ్యి చాపింది. గోలీలు మింగి, నీళ్లు తాగి, అరుగు వైపు తిరిగింది.

"మింగుండ్రి. నా బిడ్డ మందు జర లేటైతదట."