అక్క చెక్కిన పులి-మేక బండ

తాండూరులో మా ఇంటి ముందుగదిలో ఒక బండ మీద పులి-మేక ఆట గీతలుండేవి. సుద్దతో గీసినవి కావు. మా అక్క ఒక వేసవి సెలవులన్నీ కూర్చుని మేకుతో, రాయితో కొట్టి చెక్కినవి. అట్టే లోతు లేకపోయినా వేలు పెడితే తగిలేవి. నేల పాడుచేసిందని నాన్న తిట్టాడు కానీ, సాయంత్రం మొదటి ఆటకు కూర్చున్నది ఆయనే.

మూడు గచ్చకాయలు పులులు, చింతగింజలు మేకలు. పులులెప్పుడూ అక్కవే, పెద్దదాన్నని దబాయించేది. ఓడిపోగానే నేను ఏడుపు లంకించుకునేవాణ్ణి. "ఓడితె ఏడుస్తవ్, మళ్ల ఆడుదమని నువ్వే వస్తవ్" అని ఆటపట్టించేది.

ఆ అక్కకు ఇప్పుడు చూపు లేదు. షుగర్ జబ్బు కళ్ళను తినేసింది. వికారాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. టీవీ మాటలు విని విని విసుగొచ్చిందట. నిరుడు ఫోన్ చేసి అడిగింది.

"తమ్మీ, మన పులి-మేక బండ ఉన్నదా? గీతలు చేతికి తగుల్తయ్ గద. తడుముకుంట ఆడుత. నువ్వు గూడ రా."

ఉంది. ఇంట్లో టైల్స్ వేయించినప్పుడు పారేయడానికి మనసొప్పక పెరటిగోడకు ఆనించాను. వెళ్ళి చూస్తే దాని నిండా సిమెంటు మరకలు, నాచు. నాపరాళ్ళకు పేరుపడ్డ మా ఊళ్ళో బండను ఇంకొకరి ఇంటికి పంపాలంటే ముందు పాలిష్‌కు పంపుతాం. ఎవరూ ఆలోచించరు, అదొక అలవాటు. నేనూ ఆటోలో వేయించి, పాలిష్ పట్టే అతనికి ఫోన్ చేసి, "మా అక్కకు ఇస్తున్న, మస్తు మెరవాలె" అని చెప్పాను. కళ్ళు లేని మనిషికి మెరుపెందుకని నా మట్టిబుర్రకు తోచలేదు. గీతల సంగతి చెప్పనూ లేదు. పాపం, అతను చెప్పినట్టే చేశాడు.

గోనెసంచి చుట్టి పంపిన బండను విప్పి చూడకుండానే కారులో వేసుకుని వికారాబాద్ వెళ్ళాను. అక్క పొద్దుటి నుంచీ గింజల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. నేను రాగానే మూడు గచ్చకాయలూ తీసి పక్కన పెట్టుకుంది. ఆమె ముందు గోనె విప్పాను. బండలో నా ముఖం కనిపించింది. ఒక్క గీత లేదు.

నేను నోరు తెరిచేలోపే అక్క రెండు అరచేతులతో నిమిరింది. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనక్కి.

"గీతలేవి తమ్మీ?"

"ఉన్నయక్కా. జర అరిగినయ్." సిగ్గులేకుండా అబద్ధమాడాను.

"యాడ? నా వేలు పట్టి చూపెట్టు."

ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ నున్నటి రాతి మీద నిలువు గీతలు, అడ్డగీతలు ఒక్కొక్కటే గీయడం మొదలుపెట్టాను. ఆమె కాదనలేదు. సగం గీసేసరికి నా వల్ల కాలేదు. కన్నీళ్ళు టపటపా బండ మీద పడ్డాయి. ఆమె వేలు ఆ తడి దగ్గర ఆగిపోయింది.

"ఇంక ఆట సురువే కాలె, అప్పుడే ఏడుస్తున్నవా?" అంది.

పక్కన పెట్టుకున్న గచ్చకాయలను తడిమి తీసి, సంచిలో వేసి, దాని మూతి ముడివేసింది.