తాళం వేసి చేసిన సన్మానం

మా సంఘంవాళ్ళకు సేవ అంటే ఎంత ప్రేమో తెలియాలంటే శాలువలు అమ్మే అంగడివాణ్ణి అడగాలి. ఏటా ఆయన కొట్టు సగం ఖాళీ చేస్తారు. వైద్యం గురించి మాత్రం వాళ్ళను ఏమీ అడక్కపోవడమే మంచిది.

బెంగళూరులో తరాల కిందట స్థిరపడిన సరిహద్దు తెలుగువాళ్ళ సంఘం అది. జాగాల వ్యాపారం, గ్రానైటు వ్యాపారం చేసేవాళ్ళు, కల్యాణమంటపాలు ఉన్నవాళ్ళు అందులో పెద్దలు. మెడిసిన్ సీటు వచ్చిన పేద పిల్లల చదువు ఖర్చు సంఘం భరిస్తుంది. దానికి ఒకటే షరతు: చదువయ్యాక రెండేళ్ళు డాక్టరు లేని చోట పని చేయాలి. నేను ఆ షరతు మీద చదువుకున్నదాన్నే. యలహంక పాత ఊళ్ళో బట్టలు కుట్టే మా నాన్న, సంఘం లేకపోతే నన్ను డాక్టరు చదివించగలిగేవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత వాళ్ళను తిట్టేటప్పుడు నాకు విశ్వాసం లేదని ఎవరైనా అంటారేమో. అన్నా నాకు పోయేదేమీ లేదు.

షరతు మంచిదే. దాన్ని అమలు చేసే పని మావాళ్ళ చేతిలో పెట్టడంతో వచ్చింది చిక్కంతా. డాక్టరు లేని చోటు ఏదో తేల్చేది అధ్యక్షులవారు. నాకంటే ముందు చదివిన ఒకావిడ ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ ఉద్యోగుల ఎత్తూ బరువూ చూస్తూ రెండేళ్ళూ ముగించింది. ఆ ఆఫీసు మేడ మీద అంతకుముందు డాక్టరు లేడు కాబట్టి అది డాక్టరు లేని చోటేనట. ఇంకొకాయన కుందలహళ్ళిలో ఒక పెద్ద అపార్టుమెంటు క్లబ్‌హౌసులో శనివారం శనివారం షుగరు పరీక్షలు చేసి సర్టిఫికెట్టు పుచ్చుకున్నాడు. అపార్టుమెంటు గోడ అవతల కూలీల షెడ్లు ఉన్నాయని కాగితం మీద రాశారు. ఆయన గోడ ఇవతలే కూర్చున్నాడు, ఏసీలో. వీళ్ళిద్దరూ తర్వాత సభల్లో మైకు పట్టుకుని గ్రామీణ భారతం గురించి మాట్లాడుతుంటే నేను లేచి బయటికి పోయేదాన్ని.

నా తరఫున సిఫారసు చెప్పేవాళ్ళూ అడిగేవాళ్ళూ లేరు. అందుకని నన్ను నిజంగానే డాక్టరు లేని చోటికి పంపారు. యలహంక దాటాక పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నాయి, వాటి వెనకాల రేకుల షెడ్లు. కదిరి, ఆదోని, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన కూలీలు వాటిలో ఉంటారు. షెడ్ల చివర సంఘం కట్టించిన ఒక గది, ఒక వరండా, గోడకు దాతల పేర్ల రాయి. ఆ రాయి నా పరీక్ష బల్ల కంటే పెద్దది. ఎయిర్‌ఫోర్సు విమానాలు నెత్తి మీదుగా పోతుంటే స్టెతస్కోపులో ఏమీ వినపడేది కాదు. జనానికి అది అలవాటైపోయింది. విమానం పోయేదాకా నోరు మూసుకుని, పోయాక నొప్పి ఎక్కడో చెప్పేవాళ్ళు.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఇసుక జల్లించే పని చేసే ఒకామె ఉండేది. కదిరి దిక్కు మనిషి. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొదటి కాన్పు ఊళ్ళో అయింది. బీపీ పెరిగి, దారిలోనే ఫిట్స్ వచ్చి, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఒక్కసారే నవ్వు ఆపింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అత్త ఊరికి రమ్మని పట్టుబట్టింది. ఈమె కదల్లేదు.

"ఊర్లో ఎవరుండారు డాక్టరమ్మా? ఈడ నువ్వుండావు. నేను యాడికీ పోను" అంది.

బీపీ మళ్ళీ మెల్లగా ఎక్కుతూనే ఉంది. మాత్రలు వేసుకుంటోంది, వారం వారం వస్తోంది. తల నొప్పి పుట్టినా, కళ్ళు మసకలు కమ్మినా, మొహం ఉబ్బినా ఏ పని ఉన్నా వదిలేసి ఈ గదికి రావాలని ఆమెకూ మొగుడికీ నూరిపోశాను. ఆ మొగుడు మాట తక్కువ మనిషి. తలకు పచ్చ హెల్మెట్ తీయకుండానే అన్నిటికీ తల ఊపేవాడు. ఆ రెండో బిడ్డ బతకాలని ఆ మనిషి ఎంత కోరుకుంటున్నాడో ఆ ఊపులో తెలిసేది.

అప్పటికి నా రెండేళ్ళు నిండుతున్నాయి. నా చోటికి కొత్త డాక్టరు వస్తున్నాడు. చదువులో మొదటి వరుసవాడు, అధ్యక్షులవారి వియ్యంకుడి వైపు బంధువు. ముందుగా వచ్చి రోగులను చూసుకుని వెళ్ళమని ఫోన్ చేశాను. "మ్యామ్, ఫంక్షన్ అయ్యాక వస్తాను. పీజీ ప్రిపరేషన్‌లో ఉన్నాను, టైమ్ లేదు" అన్నాడు.

ఫంక్షన్ అంటే సన్మానం. పని చేసినవాళ్ళకు సన్మానం చేయడం లోకంలో ఉన్నదే. మా సంఘం ఆనవాయితీ వేరు. పని మొదలుపెట్టకముందే చేస్తారు, నాకు మాత్రం అప్పుడు మరిచిపోయారు. శాలువ, మైసూరు పేటా అనే తలపాగా, గంధపు దండ, మొహం అచ్చువేసిన ఫ్లెక్సీ, మీద పడి ఫోటోలు. ఇన్ని మర్యాదలు చేయించుకున్నాక ఆ మనిషి రేకుల షెడ్ల మధ్య ఎందుకు కూర్చుంటాడు? తను అప్పటికే గొప్పవాడు. అయినా ఈ సంగతి అర్థం చేసుకునేవాడు ఆ కమిటీలో ఒక్కడు లేడు.

ముందురోజు సంఘం కార్యదర్శి గదికి వచ్చాడు. ఫ్లెక్సీ తలుపుకు అడ్డంగా కట్టించాడు. నా మొహం ఒక పక్క, కొత్తాయన మొహం ఒక పక్క, మధ్యలో అధ్యక్షులవారు మా ఇద్దరినీ కలిపినంత సైజులో. కింద కల్యాణమంటపం అడ్రసు. రేపంతా గది మూసి ఉండాలన్నాడు.

"ఎందుకు మూయాలి? నేను సాయంత్రం సభకు వస్తాను, పొద్దున ఓపీ చూస్తాను" అన్నాను.

"అట్లెట్ల అవుతాదమ్మా? సభ పొద్దుననే పెట్టినాము. ముఖ్య అతిథికి సాయంత్రం వేరే ప్రోగ్రాం ఉండాది. నువ్వు స్టేజీ మీద లేకుంటే ఆయనకేం మర్యాద? ఒక్క దినానికి ఎవరు సచ్చిపోతారు?" అన్నాడు నవ్వుతూ.

వాదించాను. ఆయన తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బీపీ మిషనూ, మందులూ, నా సూదులూ అన్నీ లోపలే ఉండిపోయాయి.

మర్నాడు మంటపంలో మొదటి రెండు వరుసలూ డాక్టర్లే. సంఘం చదివించినవాళ్ళు, సంఘం పెద్దల పిల్లలు, అల్లుళ్ళు. చదువయ్యాక ఇంతమంది డాక్టర్లను ఒకచోట నేను చూడలేదు. ముఖ్య అతిథి వచ్చేదాకా అందరూ ఫోన్లు చూసుకున్నారు. వచ్చాక లేచి చప్పట్లు కొట్టారు. వేదిక మీద కొత్త డాక్టరు పేటా సర్దుకుంటున్నాడు. నాకు శాలువ కప్పడానికి అధ్యక్షులు లేచారు. అప్పుడే పక్క తలుపులోంచి, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర, పచ్చ హెల్మెట్ కనబడింది.

అతని పక్కన గోడకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది. తల రెండు చేతులతో పట్టుకుంది.

తర్వాత తెలిసింది. పొద్దుననే గదికి వచ్చారు. తాళం. ఫ్లెక్సీ మీద నా మొహం ఉంది, అడ్రసు ఉంది. పక్క షెడ్డువాడితో చదివించుకుని ఆటోలో మంటపానికి వచ్చారు. వాకిట్లో పట్టుచొక్కాల వాలంటీర్లు వీళ్ళను చూసి భోజనానికి వచ్చారనుకున్నారు. "ఇంకా వడ్డన మొదలు కాలేదప్పా, ఆపక్క కూర్చోండి, కడాపంక్తిలో పెడతాము" అని కుళాయిల దగ్గర కూర్చోబెట్టారు. డాక్టరమ్మను చూడాలని అతను చెప్పినా "సభ అయినాక చూద్దువులే" అన్నారట. ఒంటి మీద సిమెంటు ఉన్న మనిషికి తిండి తప్ప ఇంకేం కావాలని వాళ్ళ లెక్క.

శాలువ సగం భుజం మీద ఉండగానే దిగిపోయాను. వెనక మైకులో అధ్యక్షులు "డాక్టరమ్మా, ఫోటో, ఫోటో" అంటూనే ఉన్నారు. ఆమె మొహం ఊదిపోయి ఉంది, కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

"కండ్ల ముందర మెరుపులు మాదిరి వస్తాండాయమ్మా. నువ్వు సరిగా కానరావడం లేదు" అంది. మునుపు నవ్వే ఆ నోరు వణుకుతోంది. ఆమెకు తెలుసు ఇది ఏమిటో. నాకూ తెలుసు.

బీపీ మిషను కావాలని అరిచాను. రెండు వరుసల డాక్టర్లలో ఒకరి దగ్గరా లేదు. వేదిక మీద బల్ల మీద మాకివ్వబోయే బహుమతి పెట్టె ఉంది. వెల్వెట్ పెట్టె, బంగారు రిబ్బను, పైన బీపీ మిషను బొమ్మ. వెళ్ళి రిబ్బను తెంచి తెరిచాను. లోపల థర్మాకోలు ముక్క. కార్యదర్శి పరుగెత్తుకొచ్చి చెవిలో చెప్పాడు: "అది ఫోటోకమ్మా. అందరికీ అదే ఇచ్చి తీసుకుంటాము. అసలుది ఇంకా రాలేదు." ఏళ్ళుగా ఆ ఖాళీ పెట్టె పట్టుకుని డాక్టర్లు పళ్ళికిలించి ఫోటోలు దిగారన్నమాట. ఒక్కరూ ఈ మాట బయట చెప్పలేదు. ఛీ.

ముందు వరుసలోంచి ఒకాయన "గ్యాస్ అయ్యుంటుంది, ఏమన్నా తినిపించండి" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా. కొత్త డాక్టరును సాయం రమ్మన్నాను. పేటా పడకుండా ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు.

"మ్యామ్, టెక్నికల్‌గా నేను ఇంకా జాయిన్ కాలేదు కదా. సోమవారం నుంచి నా డ్యూటీ. ఏమైనా అయితే ప్రాబ్లం నా మీదకు వస్తుంది."

అతనికి బదులు చెప్పి నోరు పాడుచేసుకోలేదు. కారు ఇమ్మని అధ్యక్షుల్ని అడిగాను. ఆయన కారు వెనక ముఖ్య అతిథి కారు ఉందట, ఆయన ప్రసంగం అయ్యేదాకా తీయడం బాగుండదట. "అంబులెన్సుకు ఫోన్ చేయిస్తాములేమ్మా, నువ్వు వచ్చి కూర్చో" అన్నారు.

వంటవాళ్ళు గిన్నెలు తెచ్చిన చిన్న గూడ్స్ బండి వెనక తలుపు దగ్గర ఉంది. డ్రైవరు అడగ్గానే తాళం తిప్పాడు. ఇనుప తొట్టిలో ఆమెను ఎలా పడుకోబెట్టాలో తోచలేదు. వేదిక ఎక్కి బల్ల మీది శాలువలన్నీ రెండు చేతులా ఎత్తుకొచ్చి పరిచాను. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అతను హెల్మెట్ తీసి పక్కన పెట్టి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని తల నేను చూడడం అదే మొదటిసారి, జుట్టు అప్పుడే నెరుస్తోంది. దారి పొడుగునా ఒకటే మాట: "ఇదన్నా దక్కుతాదా అమ్మా?" దక్కుతుందని చెప్పే ధైర్యం నాకు లేదు. బండిని కొంచెం త్వరగా పోనిమ్మని మాత్రం డ్రైవరుకు చెప్పాను.

ప్రభుత్వ ఆసుపత్రి గేటులోనే ఫిట్స్ మొదలయ్యాయి. అక్కడివాళ్ళు ఎవరని అడగలేదు, ఎవరి ఫోటోలూ తీయలేదు. స్ట్రెచర్ తెచ్చారు, సూది వేశారు, ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది, ఏడ్చింది. తల్లికి తెలివి వచ్చాక మొదట అడిగింది బిడ్డ ఏడ్చిందా అని. నేను వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

తర్వాత కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. ఆమె ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను. "శాలువలు ఉతికించి పంపుతావామ్మా?" అన్నాడు.

కొత్త డాక్టరు సోమవారం రాలేదు. ఆ చోటు తన ఆరోగ్యానికి పడదని రాసిచ్చి కుందలహళ్ళి క్లబ్‌హౌసు వేయించుకున్నాడు. పేటా మాత్రం ఇంటికి తీసుకెళ్ళాడు. డాక్టరు దొరికేదాకా గది మూసి ఉంచుదామని కమిటీ తీర్మానం చేసింది. నేను కార్యదర్శి ఇంటికి పోయి తాళంచెవి అడిగాను. నీ రెండేళ్ళు అయిపోయాయి కదమ్మా అన్నాడు. అయిపోయాయి, తాళంచెవి ఇవ్వండి అన్నాను. ఇచ్చేదాకా వాళ్ళ సోఫాలోంచి లేవలేదు. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తాళంచెవి వాళ్ళ జేబులో ఉండడం భరించలేక తెచ్చుకున్నాను, అంతే.

ఏడాది తిరిగేసరికి మళ్ళీ సన్మానాలు వచ్చాయి. కార్యదర్శి కొత్త ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. ఈసారి దాని మీద తల్లీబిడ్డల ఫోటో, "మన సంఘం నిలిపిన ప్రాణాలు" అని పెద్ద అక్షరాలు. ఆమె అప్పుడు వరండాలోనే ఉంది, పిల్లకు టీకా వేయించుకోవడానికి వచ్చి.

"నీకూ పాపకూ సన్మానం చేస్తాము తల్లీ. స్టేజీ మీద కుర్చీ వేస్తాము" అని కార్డు చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యమ్మా. ఆ దినం మూసి, బ్యానరు కట్టాల కదా."

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచింది. కార్డును ఆయన చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టింది.

"పోయినతూరి మేము వచ్చినపుడు తాళముండె సామీ. ఈతూరి ఆ తాళం కాడికి వచ్చేదెవరో మీకు తెలుసునా?" అంది.

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంది. నెత్తి మీద విమానం పోతోంది. పోయాక నేను తాళంచెవి టేబుల్ సొరుగులో వేసి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.