నడుము వెనక చెయ్యి

ఇరవై ఏళ్లకు పైగా ఒక చెయ్యి బరువు మోస్తున్నాను. నా చెయ్యే అది. పేరు రాయను. మీరు నాకు తెలిసినవాళ్లు కారు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాణ్ణి. చిత్తూరు, తిరుపతి, సత్యవేడు రోడ్ల మీద ఏ మలుపులో కాపు కాసి ఏ బస్సు ఆపాలో నాకు బాగా తెలుసు. నిద్ర నటించేవాళ్లు, చెవుడు నటించేవాళ్లు, కుంటుతున్నట్టు నటించేవాళ్లు, అందరినీ చూశాను. ముఖం చూసి పట్టేసేవాణ్ణి. అలాంటి ఉద్యోగాన్ని గడప బయటే వదిలి ఇంట్లోకి రావాలి. నేను వదల్లేదు.

నా భార్యకు పక్షవాతం వచ్చినప్పుడు మేం చిత్తూరులో ఉన్నాం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. రెండు నెలలకు కాలు కొంచెం కదిలింది. నడక నేర్పే డాక్టరమ్మ వచ్చి సాధన చూపించింది. కిటికీ ఊచ పట్టుకుని ఎడమ కాలి మీద బరువు వేసి పది లెక్కపెట్టాలి. తర్వాత ఊచ వదిలి, గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గీత వెంట నాలుగడుగులు వేయాలి. నేను వెనక నిలబడి ఆమె నడుముకు చెయ్యి ఆనించి ఉంచాలి.

"పడతాననే భయం పోవాల సార్. మీ చెయ్యి ఆడుండాదని నమ్మితేనే ఆమె అడుగేస్తాది" అంది డాక్టరమ్మ.

రోజూ సాయంత్రం అదే పని. గీత దగ్గరికి రాగానే ఆమె బిగుసుకుపోయేది. ఒక్క అడుగు, మళ్లీ ఊచ. వంట నేనే, బట్టలు నేనే. విసుగొచ్చింది, దాచను. ఇరవై ఏళ్లు నాకు వండిపెట్టిన మనిషికి మూడు నెలలు వండేసరికే విసుగు. అప్పుడే ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే పెరటి తలుపు గడియ తీసి ఉంది. పొద్దున నేనే వేసి వెళ్లాను. మధ్యాహ్నం అన్నం పెట్టిపోయే పక్కింటామె తను తియ్యలేదంది. మరి ఎవరు తీశారు? నా ముందు పడిపోయేట్టు ఊగే మనిషి, నేను లేనప్పుడు హాయిగా తిరుగుతోందా? కూర్చోబెట్టి పెడుతుంటే అలవాటైపోయిందా?

అడగొచ్చు. అడగలేదు. నటించేవాళ్లు అడిగితే నిజం చెప్తారా అనుకున్నాను. మర్నాడు పొద్దున పెరటి గడప దగ్గర ముగ్గుపిండి పల్చగా చల్లి వెళ్లాను. సాయంత్రానికి అందులో కుడి పాదం గుర్తు పడి ఉంది, పక్కనే ఎడమ కాలు ఈడ్చిన చార. దొరికింది అనుకున్నాను. టికెట్ లేనివాడు దొరికితే కలిగే సంతోషమే కలిగింది.

ఆ సాయంత్రం ఆమె గీత మీద నిలబడింది. ఊచ వదిలింది.

"ఏమయ్యా, పట్టుకోనుండావా?"

"పట్టుకోనే ఉండా. నడువుమే."

చెయ్యి అప్పటికే తీసేశాను.

రెండడుగులు వేసింది. చూశావా, నడుస్తోంది అనుకున్నాను. మూడో అడుగుకు ఎడమ పక్కకు ఒరిగింది. అప్పుడైనా పట్టుకోవచ్చు. నిజంగా పడుతుందా, లేదా అని చూస్తూ నిలబడ్డాను. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో కాలు జారిందని చెప్పాను. ఆమె కూడా అదే చెప్పింది. "కాలు జారింది. ఆయప్ప ఏం జేస్తాడు?" నన్ను కాపాడటానికి అందా? నిజంగా నమ్మే అందా? ఇప్పటికీ ఆ మాటను అనుమానిస్తూనే ఉన్నాను. ఆరేళ్లు మంచం మీదే ఉండి వెళ్లిపోయింది. మళ్లీ నిలబడలేదు. ఆ ఆరేళ్లూ నేను లేపి కూర్చోబెట్టిన ప్రతిసారీ కుడిచేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. పక్కింటామె లేపితే పట్టుకునేది కాదు.

పెరట్లోకి ఎందుకు పోయిందో తర్వాత పక్కింటామె చెప్పింది. మరుగుదొడ్డి అక్కడుంది. పక్క తడిస్తే అలిసి వచ్చిన నేను ఉతకాల్సి వస్తుందని, పడుతూ లేస్తూ పోయేదట.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంతవరకు చదివితే తెలియక చేసిన తప్పులా ఉంటుంది. మీరలా నమ్మితే నాకు సుఖమే. నమ్మకండి. ఆ ముగ్గుపిండిలో ఉన్నది పాదం గుర్తు ఒక్కటే కాదు. గడపకు అవతల కుడి అరచెయ్యి, మోకాలు అచ్చుపడి ఉన్నాయి. పాకుతూ పోయిన మనిషి గుర్తులు. ఆ సాయంత్రమే చూశాను. చూసి, ఆమెను గీత దగ్గరికి పిలవకముందే చీపురు తీసుకుని ఊడ్చేశాను.

ఇది ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పాను. చెయ్యి బరువు తగ్గలేదు. దాచే పని మాత్రం ఈ రోజుతో అయిపోయింది.