పేరు రాసినవా బిడ్డా?

మా డిపార్ట్‌మెంట్ ఊడ్చే అమ్మ ఎప్పుడు ఎదురుపడ్డా, చేతులు కొంగుకు తుడుచుకుని ఒకటే అడిగేది: "నా పేరు రాసినవా బిడ్డా?"

తార్నాకలో వాళ్ల గల్లీ గుడి మెట్ల మీద కులం పేరుతో తన బోనాన్ని ఆపేసిన సంగతి నా పరిశోధన కోసం ఆమే చెప్పింది. చెప్పినవాళ్లకు హాని జరగొద్దని, వాళ్ల పేర్లు దాచాలన్నది యూనివర్సిటీ నియమం. దాస్తానని నేను సంతకం కూడా పెట్టాను.

"ఆపినోళ్లకు లేని భయం నాకెందుకు?" అనేది.

థీసిస్ బైండయి వచ్చిన రోజు "నా పేరు చూపియ్యి" అంది. "వ్యక్తి 7" అన్నచోట వేలు పెట్టాను. ఆమెకు అక్షరాలు రావు. బస్సు నంబర్లు మాత్రం చదువుతుందని మర్చిపోయాను.

"గిది ఏడు గదా బిడ్డా. నా పేరేది?"

ఈ కథలో కూడా రాయలేకపోతున్నానమ్మా.