కట్ చేసిన ఫోను

కూతురి దగ్గరే ఉండిపోదామని మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, నాకంటూ ఒక ప్రీపెయిడ్ సిమ్ కావాలన్నాను. మూడు కంపెనీల షరతులను కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను. పెద్ద అక్షరాల్లో "అపరిమితం" అని ప్రకటించి, అది ఈ దేశపు కాల్స్‌కు మాత్రమేనని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించడం మర్యాదస్తులు చేసే పనేనా? అలాంటి రెండింటినీ కొట్టేసి, ఇండియాకు ఎంతసేపైనా ఉచితమన్న మూడోదాన్ని తీసుకున్నాను. నేను మాట్లాడవలసిన మనిషి ఒక్కడే: కారంపూడిలో, బటన్ ఫోను తప్ప మరొకటి ముట్టని మా తమ్ముడు.

ఆ సాయంత్రమే చేశాను. మోగీ మోగగానే కట్ చేశాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొలం పంచుకున్నప్పుడు కూడా మాట మానని వాడు, నేను ఊరు వదిలినందుకు అలిగాడనుకున్నాను. కూతురూ అల్లుడూ పనికి వెళ్లాక, ఆ ఇంట్లో నా దగ్గు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు.

చివరికి ఒకరోజు మరదలు ఎత్తింది.

"పొడుగు నంబరు చూసి మీరేనని తెలిసి, మీకు డబ్బులు పోతయ్యని ఆయన కట్ చేసి, తిరిగి చేస్తన్నాడు బావగారూ. ఆ దేశానికి మా ఫోను పోతే గదా!"

పెద్దవాళ్లు ఫోను చేస్తే కట్ చేసి మనమే చేయాలన్నది మా ఇంటి మర్యాద. వాడికి నేర్పింది నేనే.

ఇంతలో తమ్ముడు ఫోను లాక్కున్నాడు.

"అన్నా, బాగుండావా? అన్నం సయిస్తందా? సరే, ఉంటా, నీకు చానా అవుద్ది."

"ఒరేయ్, ఉచితంరా!" అన్నాను. అప్పటికే పెట్టేశాడు.

మళ్లీ చేశాను. మోగీ మోగగానే కట్ చేశాడు.